విజయవాడ చుట్టుపక్కల కాలువ గట్ల మీద లాంగ్ రన్: ఏ దారి బాగుంటుంది?

#1 నత్తనడక_పటమట
బందరు రోడ్డు మీద పరిగెత్తి పరిగెత్తి విసుగొచ్చేసింది. ఐదున్నరకే హారన్లు, దుమ్ము. గ్రౌండ్‌లో 400 మీటర్ల రౌండ్లు పాతిక కొట్టాలంటే కాళ్ల కంటే ముందు బుర్ర అలిసిపోతోంది. ఊళ్లోంచే మూడు కాలువలు పోతున్నాయి (బందరు, ఏలూరు, రైవస్). ఏదో ఒక గట్టు పట్టుకుని పది నుంచి పదహారు కిలోమీటర్లు, పచ్చటి పొలాల మధ్య, లారీలు లేని దారి లేదా? ఇప్పుడు వారానికి 30 కి.మీ. నడుస్తోంది, లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు) 12. డిసెంబరు ఆఖరుకి హాఫ్ మారథాన్, అంటే 21.1 కి.మీ. పూర్తి చేయాలి. వేగం అడక్కండి, పేరు చూశారుగా.

#2 బ్యారేజీ_రాజా
ఆలోచించేదేముంది, కరకట్ట. ప్రకాశం బ్యారేజీ ఇవతలి కొసలో మొదలుపెట్టండి. బ్యారేజీయే 1,223 మీటర్లు, వార్మప్ అక్కడే అయిపోతుంది. సీతానగరం దిగి కుడికి తిరిగితే ఉండవల్లి, అక్కణ్ణుంచి పెనుమాక వైపు. ఒక పక్క కృష్ణ, రెండో పక్క అరటి తోటలు, పూల తోటలు. ఎక్కడ వెనక్కి తిరగాలన్నది మీ ఇష్టం.

#3 గవర్నర్‌పేట_గంగులు
పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. ఆదివారం పొద్దున్న ఇడ్లీ తినకుండా ఇదేం ఖర్మ బాబూ.

#4 బ్యారేజీ_రాజా
గంగులు బాబాయ్, మా పరుగు కూడా ఆగేది ఇడ్లీ బండి దగ్గరే.

#5 లస్కరు_మనవడు
అందరూ దారి అడుగుతారు, నెల చెప్పరు. కృష్ణా డెల్టాలో ఒకే గట్టు ఏడాదిలో మూడు వేరే వేరే రోడ్లు. అది తెలియకపోతే ఎంత మంచి దారి చెప్పినా బూతులు తిట్టుకుంటూ ఇంటికొస్తారు.

జూన్, జులైల్లో నీళ్లు వదిలిన దగ్గర్నుంచి అక్టోబరు దాకా కాలువ నిండుగా ఉంటుంది. చూడ్డానికి ఇదే బంగారు కాలం. కానీ వాన పడితే మట్టి గట్టు నల్లరేగడి బురద. బూటు అడుగున రొట్టెలా పట్టుకుని వంద అడుగుల్లో ఒక్కో కాలు అరకిలో బరువెక్కుతుంది. వాన వెలిశాక రెండు ఎండలు పడే దాకా మట్టి బాట మర్చిపోండి, గ్రావెల్ వేసిన చోటైతే మర్నాడే పరిగెత్తొచ్చు.

నవంబరు రెండో సగం నుంచి డిసెంబరంతా కోతలు. గట్టు మీద తార్రోడ్డు సగం వెడల్పున ధాన్యం ఆరబోసి ఉంటుంది. రాత్రి మంచుకి పైన పట్టాలు కప్పి, ఎగిరిపోకుండా అంచుల వెంట బండరాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాయి బొటనవేలికి తగిలిందంటే ఆ సీజన్ అక్కడితో సరి. పైగా రోడ్డు సగమే మిగులుతుంది కాబట్టి ట్రాక్టరూ మీరూ ఒకే సందులో పడతారు.

ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. మధ్యలో మంచినీళ్ల చెరువులు నింపడానికి కొన్నాళ్లు వదిలినా, మిగతా రోజుల్లో అడుగున నిలిచేది ఊరి మురుగే. బందరు కాలువైనా ఏలూరు కాలువైనా ఏప్రిల్, మే నెలల్లో ముక్కు మూసుకునే పరిగెత్తాలి. పూడిక తీస్తే ఆ మట్టి గట్టు మీదే పోస్తారు, దారి మూసుకుపోతుంది.

నత్తనడక గారూ, మీకు ఇప్పటి నుంచి డిసెంబరు దాకా కావాలి కాబట్టి ఒక దారి చాలదు, రెండు కావాలి.

#6 నత్తనడక_పటమట
#5 ఇది కదా కావాల్సింది. ఆ రెండూ ఏవో చెప్పి పుణ్యం కట్టుకోండి. బందరు కాలువ గట్టు ఇంటికి దగ్గర, అందుకే దాని మీద ఆశ.

#7 యనమలకుదురు_ఎక్స్‌ప్రెస్
బందరు కాలువ సంగతి నేను చెప్తా. కృష్ణలంక నుంచి యనమలకుదురు దాకా ఊరే. ఇళ్లు, చెత్త, ప్రతి వంతెన దగ్గరా ఆగి అటూ ఇటూ చూసి దాటడం. యనమలకుదురు గుడి కొండ దాటాకే ఊపిరి ఆడుతుంది. పెదపులిపాక వైపు ఏటి కరకట్ట ఎక్కితే ఇంకా నయం, తోటలు, గాలి. తిరునాళ్ల రోజుల్లో మాత్రం ఆ పక్కకే రావద్దు, శివరాత్రికి ప్రభలతో రోడ్డంతా జనమే.

ఇంకో తిరకాసు ఎండ. బందరు కాలువ పోయేది ఆగ్నేయానికి. చలికాలంలో సూర్యుడు పొడిచేదీ అటే. పోయేటప్పుడు అరగంట సేపు కళ్లలో టార్చిలైటు వేసినట్టుంటుంది, ఎదురొచ్చే బండి కనపడదు. అంచు ఉన్న టోపీ లేకుండా బయల్దేరకండి.

#8 తెనాలి_పాసింజరు
విజయవాడ వాళ్లకి ఏరు దాటితే లోకం లేదనుకుంటారేమో. డెల్టాలో పరుగుకి అసలు దారి పడమటి కాలువ. సీతానగరం దగ్గర మొదలై రేవేంద్రపాడు మీదుగా దుగ్గిరాల దాకా వస్తుంది. మా వాళ్లు దాన్నే బకింగ్‌హామ్ కాలువ అంటారు. దుగ్గిరాల దగ్గర లాకులు, అక్కడ కాలువ చీలిపోతుంది. ఒక పాయ కొమ్మమూరు కాలువగా పోతుంది, కొన్ని తెనాలి మీదకి వస్తాయి. చాలా చోట్ల ఒక గట్టు మీద తార్రోడ్డు, ఎదుటి గట్టు మీద మట్టి బాట. కొబ్బరి, తాడి, నిద్రగన్నేరు, మధ్యలో పసుపు చేలు. లకుముకి పిట్ట కరెంటు తీగ మీద నుంచి నిట్టనిలువునా నీళ్లలో పడి చేపతో లేవడం చూడాలంటే అక్కడే.

దీని గొప్పతనం ఏంటంటే పక్కనే రైలు మార్గం. కృష్ణా కెనాల్, కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల, కొలకలూరు, తెనాలి. ఇవన్నీ స్టేషన్లే. ఎంత దూరం కావాలో అంత దూరంలో ఎక్కొచ్చు, దిగొచ్చు. వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తే బాధ లేదు.

#9 బ్యారేజీ_రాజా
రైలు కోసం చూస్తూ చెమట బట్టలతో ప్లాట్‌ఫారం మీద గంట కూర్చోవడం గొప్పతనమా అన్నా?

#10 తెనాలి_పాసింజరు
ఉల్టా చేయాలి తమ్ముడూ. ముందు రైలెక్కి దుగ్గిరాలలో దిగు, ఇంటి వైపు పరిగెత్తు. రైలు ఆలస్యమైతే పొడి బట్టల్లోనే ఆలస్యం. ఇంకో రెండు లాభాలు. తెనాలి నుంచి పైకి వస్తే దిక్కు ఉత్తరం, కొంచెం వాయవ్యం. పొద్దుటి ఎండ వీపు మీద పడుతుంది, #7లో చెప్పిన టార్చిలైటు గొడవ లేదు. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్యపు గాలి ముఖాన కొడుతుంది, చెమట ఆరుతుంది. చిన్న స్టేషన్లలో అన్నీ ఆగవు, వేళలు మారుతుంటాయి. ముందు రాత్రి చూసుకోకుండా బయల్దేరొద్దు.

#11 ఆరున్నర_పేస్
దిగువ నుంచి ఎగువకి అంటే ఎత్తు ఎక్కడమే కదా? ప్రవాహానికి ఎదురు. మొదటి లాంగ్ రన్ వాళ్లకి ఇది చెప్పకూడదు.

#12 లస్కరు_మనవడు
#11 బ్యారేజీ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 57.05 అడుగులు. అంటే పదిహేడున్నర మీటర్లు కూడా లేదు. ఇక్కణ్ణుంచి సముద్రం దాకా మొత్తం పల్లమే అంత! బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఒకసారి ఎక్కి దిగితే మీ కాళ్లకి తెలిసేంత ఎత్తు, తెనాలి నుంచి బ్యారేజీ దాకా వచ్చినా తెలీదు. వాచీలో 80, 90 మీటర్ల ఎత్తు చూపిస్తే అది ఉపగ్రహ సిగ్నల్ అటూ ఇటూ ఊగడం, వంతెనలు ఎక్కి దిగడం.

చదునుకి చదును తిప్పలు వేరే ఉన్నాయి. మొదటి కిలోమీటరు నుంచి చివరిదాకా ఒకే కండరం, ఒకే అడుగు. కొండ దారిలో కాళ్లకి దొరికే మార్పు ఇక్కడ దొరకదు. రెండు కిలోమీటర్లకోసారి ఒక నిమిషం నడవండి, లేదా వంద అడుగులు చిన్న చిన్న అంగలతో వేగంగా వేయండి.

#13 ఫిజియో_మొగల్రాజపురం
చదును కంటే ఎక్కువ మోకాళ్లు పాడు చేసేది రోడ్డు వాలు. తార్రోడ్డు మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం. మన దగ్గర బండ్లు ఎడమన పోతాయి కాబట్టి ఎదురొచ్చేవి కనపడాలని కుడి అంచున పరిగెత్తుతాం. అది సరైనదే. కానీ పోయేటప్పుడూ కుడి అంచే, వచ్చేటప్పుడూ కుడి అంచే. రెండు వైపులా కుడి కాలే పల్లంలో పడుతుంది. పదహారు కిలోమీటర్లంటే కుడికాలు సుమారు పది వేల సార్లు ఆ పల్లంలోకి దిగుతుంది. మోకాలి బయటి వైపు, కీలు పక్కన సూదిలా గుచ్చే నొప్పి మొదలైతే అనుమానించాల్సింది ముందు దీన్నే. మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

చేయాల్సింది తేలిక. ఖాళీ గట్టు మీద నడిమధ్యలో పరిగెత్తండి. బండ్లు తిరిగే ముక్కలో మాత్రమే అంచుకి రండి. వారంలో రెండు రన్‌లు మట్టి మీద పెట్టుకోండి. ఆ నొప్పి రన్ మధ్యలో వస్తే మొండిగా ముగించొద్దు, అక్కడే నడక. #8లో చెప్పిన రైలు స్టేషన్లు అందుకే పనికొస్తాయి.

#14 గుంటూరు_మిర్చి
అంతా విజయవాడ గోలేనా? గుంటూరు నుంచి తెనాలి లైన్లో వేజెండ్ల దాటాక సంగం జాగర్లమూడి స్టేషన్ ఉంది. అక్కడ దిగి కొమ్మమూరు కాలువ గట్టు పట్టండి. ట్రాఫిక్ సగం కూడా ఉండదు. నీడ మాత్రం తెరలు తెరలుగానే, మధ్య మధ్య బోడి గట్టు. తెల్లతుమ్మ, సర్కారు తుమ్మ ఎక్కువ. ఎండిన ముల్లు మెత్తటి అడుగున్న రోడ్డు బూట్లలోకి నేరుగా దిగుతుంది. అడుగున కనీసం 3, 4 మిల్లీమీటర్ల పళ్లున్న బూట్లు అయితే ముల్లు సగంలో ఆగుతుంది. ఇంటికొచ్చాక అడుగు తిప్పి చూసి పట్టకారుతో లాగేయండి. ఇవాళ కాస్త తగిలిన ముల్లు రేపు పాదంలోకి వస్తుంది.

#15 గవర్నర్‌పేట_గంగులు
ముల్లు, బురద, రాయి, ట్రాక్టరు, వాలు. ఇంకేమన్నా మిగిలాయా?

#16 కట్లపాము_కనకం
మిగిలాయి బాబాయ్. కుక్కలు, పాములు.

కుక్క: గట్టు మీద కుక్కలు ఊరి మొదట్లో, ఊరి చివర, కోళ్ల షెడ్ల దగ్గర ఉంటాయి. మీ సామెత ఇక్కడ అక్షరాలా నిజం, నిలబడాలి. పరిగెత్తే కాలు చూస్తేనే వెంటపడుతుంది. ఆగి, దానికి వీపు చూపించకుండా, పక్కకి తిరిగి మెల్లగా నడుస్తూ దాటండి. వంగి రాయి తీసుకున్నట్టు నటిస్తే చాలా వరకు వెనక్కి తగ్గుతాయి. పన్ను గీసుకున్నా సరే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదే రోజు టీకా, తర్వాత డాక్టరు చెప్పిన రోజుల్లో మిగతావి. రెండు డోసులు వేయించుకుని మానేసేవాళ్లే ఎక్కువ, అదే ప్రమాదం.

పాము: రక్తపింజర, కట్లపాము, నాగుపాము మూడూ మన చేలల్లో ఉన్నాయి. కోతల తర్వాత ఎలుకల కోసం గట్టు ఎక్కుతాయి. చీకట్లో గడ్డిలో కాలు పెట్టొద్దు, బాట మధ్యలోనే ఉండండి. కాటు పడితే తాడు కట్టొద్దు, కోయొద్దు, పీల్చొద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్. మంత్రగాడి దగ్గర పోగొట్టే అరగంటే ప్రాణం తీస్తుంది.

#17 యనమలకుదురు_ఎక్స్‌ప్రెస్
ఇంకోటి. ముఖం కడుక్కుందామని కాలువలోకి దిగకండి. సిమెంటు లైనింగ్ ఉన్న చోట నీటి అంచున పాచి నూనె రాసినట్టుంటుంది. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, కింద ప్రవాహం లాగేస్తుంది. ఈతొచ్చిన వాళ్లకీ అదే గతి. మెట్లున్న రేవు దగ్గర, అదీ పక్కన మనిషి ఉంటేనే.

ఏటి పక్క పరిగెత్తేవాళ్లు వరద హెచ్చరిక కూడా చూసుకోవాలి. బ్యారేజీ నుంచి 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. మొదటిది వచ్చిందంటే ఘాట్లు, కరకట్ట లోపలి లంకల బాటలు వదిలేయాలి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. గేట్లు ఎత్తినప్పుడు బ్యారేజీ మీద చూడ్డానికి వచ్చే జనంలో పరుగెలాగూ సాగదు.

#18 ఆరున్నర_పేస్
#12 సరే, ఒప్పుకుంటున్నా. మరి నీళ్లు? గట్టు మీద ఏడెనిమిది కిలోమీటర్లు ఒక్క కొట్టు ఉండదు. బొండాం చాలదా?

#19 ఉప్పుకారం
బొండాంలో పొటాషియం దండిగా, సోడియం తక్కువ. చెమటలో పోయేది సోడియం. కాబట్టి బొండాం తాగినా పక్కన చిటికెడు ఉప్పు కావాలి. అన్నిటికంటే చవక, మేలు: ఓ.ఆర్.ఎస్. పొడి. పెద్ద ప్యాకెట్ అంటే సరిగ్గా లీటరు నీళ్లకి. అరలీటరు సీసాలో మొత్తం పోసేస్తే కడుపు ఉబ్బరించి వాంతి వస్తుంది. పొడి దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టినట్టు సమంగా.

ఎంత తాగాలన్నది ఊహ కాదు, తూకం. రన్‌కి ముందు మూత్రానికి వెళ్లొచ్చి బరువు చూసుకోండి. వచ్చాక తుడుచుకుని మళ్లీ చూసుకోండి. ముందు 64.2, తర్వాత 63.1, దారిలో 400 మిల్లీలీటర్లు తాగారనుకోండి. పోయింది 1.1 కిలోలు, దానికి ఈ 0.4 కలిపితే లీటరున్నర చెమట. గంటన్నర రన్ అయితే గంటకి లీటరు. ఇందులో సగానికి కొంచెం పైన దారిలో తాగితే చాలు, మిగతాది ఇంటికొచ్చి ఉప్పు మజ్జిగతో. పోయినదానికంటే ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుడు, వాంతులు. అది నీళ్లు చాలక అనుకుని ఇంకా తాగిస్తారు, అక్కడే కొంప మునుగుతుంది.

#20 తెనాలి_పాసింజరు
అది చదివి దాహమేసింది.

నీడ గురించి చెప్పడం మర్చిపోయా. పడమటి కాలువ తూర్పు గట్టు మీద చెట్లుంటే పడమటి గట్టు మీద పరిగెత్తండి. ఈ రోజుల్లో ఏడింటికి పది మీటర్ల చెట్టు నీడ దాదాపు యాభై మీటర్లు పడుతుంది, కాలువ దాటి ఎదుటి గట్టుకి వస్తుంది. ఎనిమిదికల్లా ఇరవై మీటర్లే, అప్పుడు చెట్టు కిందికి మారాలి. వంతెన ఎక్కడుందో ముందే చూసుకోండి, లేకపోతే నీడ అటు, మీరు ఇటు.

#21 గుంటూరు_మిర్చి
#20 ఎనిమిదింటికి ఇంకా పరిగెత్తుతున్నారంటే ఆలస్యంగా లేచారన్నమాట. ఐదింటికి మొదలెట్టండి.

#22 లస్కరు_మనవడు
మిర్చి గారితో ఒప్పుకోను. ఊళ్లో వీధి దీపాల కింద ఐదు సరే. గట్టు మీద వెలుతురు వచ్చాకే. డిసెంబరు ఆఖరుకి పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక, పైగా మంచు. ధాన్యం ట్రాక్టర్లకి వెనక లైటు ఉంటే అదృష్టం. మంచులో పది అడుగుల దూరం దాకా శబ్దమే తప్ప ఆకారం ఉండదు. అందుకే మొదటి మూడు, నాలుగు కిలోమీటర్లు బ్యారేజీ మీదో ఊళ్లోనో పూర్తి చేసి, తెల్లారేసరికి గట్టెక్కండి.

నత్తనడక గారికి ఇప్పుడు తేల్చి చెప్తున్నా. నవంబరు 15 దాకా పడమటి కాలువ, వాన పడని వారాల్లో మట్టి గట్టు. ఆదివారాలు 12, 13, 14 కిలోమీటర్లు పెంచి, నాలుగో వారం మళ్లీ 12కి దించండి. కోతలు మొదలయ్యాక కాలువ వదిలేసి రాజా చెప్పిన కరకట్ట. అక్కడ 16, 17, 19. చివరి వారం 12తో సరిపెట్టి 21.1. కరకట్ట మీద ఆరబోత తక్కువ, వచ్చే పోయే కార్లు ఎక్కువ. కాబట్టి కుడి అంచు, మెరిసే పట్టీ ఉన్న చొక్కా.

#23 బ్యారేజీ_రాజా
మొదట్లోనే చెప్పా కరకట్ట అని. ఇరవై పోస్టులు తిరిగి అక్కడికే వచ్చారు.

#24 తెనాలి_పాసింజరు
సగం సీజన్‌కే తమ్ముడూ. మిగతా సగం మాది.

#25 ఫిజియో_మొగల్రాజపురం
#22 లెక్క బాగుంది. ఒక్క సవరణ. కాలువ మట్టి నుంచి కరకట్ట తారుకి ఒకేసారి మారితే పిక్కలు, మడమలు పట్టేస్తాయి. మారే వారంలో దూరం పెంచొద్దు. 12కి దించే వారమే మారే వారం చేసుకోండి.

#26 నత్తనడక_పటమట
అందరికీ దండాలు. ఈ ఆదివారం రైల్లో దుగ్గిరాల, అక్కణ్ణుంచి రేవేంద్రపాడు మీదుగా పెదవడ్లపూడి, మిగతా చిల్లర దూరం అక్కడ చూసుకుంటా. వాన పడితే కరకట్ట. లైటు ఒకటి కొనాలి, తలకి కట్టుకునేదా, చేత్తో పట్టుకునేదా? ఎన్ని ల్యూమెన్లు (వెలుగు కొలత) ఉండాలి?

#27 కట్లపాము_కనకం
గట్టుకి 200 చాలు. తలకి కాదు, నడుముకి కట్టండి. తల మీది లైటు మంచులో తెల్లగా గోడలా తిరిగి కళ్లలో కొడుతుంది, ఈ రోజుల్లో పురుగులు కూడా ముఖానికే వస్తాయి. నడుము దగ్గర్నుంచి వాలుగా పడితే రాయికి, గుంటకి, పాముకి నీడ పడుతుంది, ముందే కనపడుతుంది.

#28 గవర్నర్‌పేట_గంగులు
దుగ్గిరాల నుంచి వచ్చేటప్పుడు పసుపు కొమ్ములు ఓ కిలో పట్రండి, మా ఇంట్లో అయిపోయాయి.

#29 నత్తనడక_పటమట
బాబాయ్, కిలో బరువుతో పద్నాలుగు కిలోమీటర్లా? రైల్లో వెనక్కొచ్చే వారం తెస్తా.